మద్దెల నిజంగానే ఓడు

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెతలో తీర్పు ఉంది గాని విచారణ లేదు. ఆడినావిడ వాంగ్మూలం ఎవరూ తీసుకోలేదు. మద్దెలను పరీక్షకు పంపలేదు. తోలు సాగిందా, వార్లు వదులయ్యాయా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అయినా తరతరాలుగా ఆమెను వెక్కిరిస్తూనే ఉన్నాం. ఈ అన్యాయం నన్ను చాలాకాలంగా బాధిస్తోంది. కారణం వ్యక్తిగతం.

నా దగ్గర పదకొండు గిటార్లున్నాయి. పదకొండింటి మీదా ఎఫ్ కార్డు, అంటే కొన్ని స్వరాలను కలిపి ఒక్కసారే మోగించే ఒక కూర్పు, పలకదు. గిటారు జోలికి పోని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: చూపుడు వేలిని మొదటి మెట్టు మీద అడ్డంగా పరిచి ఆరు తీగలనూ ఒక్కసారే అదమాలి. ఆ వేలు అలా ఉండగానే మిగతా మూడు వేళ్ళతో వాటిలోనే మూడు తీగలను తర్వాతి మెట్ల మీద నొక్కాలి. అప్పుడు నిండైన నాదం రావాలట. నాకు మాత్రం తడి గోనెసంచిని చీపురుతో కొట్టినట్టు వస్తుంది. ఒక్క గిటారు మీదే ఇలా జరిగితే లోపం నాదేనని ఒప్పుకునేవాణ్ణి. కానీ వేర్వేరు కర్మాగారాల్లో, వేర్వేరు సంవత్సరాల్లో తయారైన పదకొండు వాయిద్యాలు ముక్తకంఠంతో ఒకే సాక్ష్యం చెబుతుంటే, నిష్పాక్షికంగా ఆలోచించేవారెవరైనా ఏ నిర్ణయానికి వస్తారు? పన్నెండోది కొనాలనే కదా.

ఈ నిర్ణయానికి వైద్యుల భాషను తలపించే పేరొకటి ఉంది. గేర్ అక్విజిషన్ సిండ్రోమ్. సామాను పోగుచేసుకునే జబ్బు అనుకోండి. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే గ్యాస్ అవుతుంది. ఏ రకంగా చూసినా నలుగురిలో చెప్పుకోలేని ఇబ్బందే. 1990లలో స్టీలీ డాన్ అనే రాక్ బృందానికి చెందిన వాల్టర్ బెకర్ దీని మీద సరదాగా రాసిన వ్యాసంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. అప్పట్లో మొదటి అక్షరం గేర్‌ది కాదు, గిటార్‌ది. తర్వాత సింథసైజర్లవాళ్ళు, మైకులవాళ్ళు, డ్రమ్ములవాళ్ళు మేమేం పాపం చేశామన్నట్టు వచ్చి చేరడంతో పేరును కాస్త వెడల్పు చేశారు. బెకర్ 2017లో కన్నుమూశారు. రెండేళ్ళ తర్వాత ఆయన గిటార్లూ ఆంప్లిఫయర్లూ వందల లెక్కన వేలానికి వచ్చాయి. జబ్బుకు ప్రచారం తెచ్చినాయన సామానును తోటి రోగులు పోటీపడి పాడుకుని ఇంటికి తీసుకెళ్ళారు.

అసలు ఒక మనిషికి ఎన్ని గిటార్లు కావాలి? దీనికి సైకిళ్ళ పిచ్చివారు ఏనాడో సూత్రం కనిపెట్టి పెట్టారు, మనం అరువు తెచ్చుకుంటే చాలు: ఇప్పుడున్నవాటికి ఒకటి కలిపితే ఎంతో అంత. ఈ సూత్రంలోని నిజాయితీని గమనించండి. ఎక్కడా అబద్ధపు వాగ్దానం లేదు. ‘ఇదొక్కటే, ఇక కొనను’ అని నేను ఇంట్లో ఇచ్చే హామీలకన్నా ఇది ఎన్నో రెట్లు గౌరవప్రదమైనది.

ఒకటి చాలదా అని అడిగేవారికి శాస్త్రం తెలియదు. స్ట్రాటోకాస్టర్ అనే రకం గిటారు మీద మోగే తీగ పొడవు 25.5 అంగుళాలు. లెస్ పాల్ అనే రకం మీద 24.75 అంగుళాలని చెబుతారు. మధ్యనున్న ఆ ముప్పావు అంగుళంలో నా సంగీత జీవితమంతా ఇరుక్కుపోయిందని నాకు ఒకరోజు అర్ధరాత్రి రెండు గంటలకు తట్టింది. ఆ ముప్పావు అంగుళం తగ్గితే తీగ కాస్త మెత్తబడుతుంది, తీగ మెత్తబడితే వేలు దిగుతుంది, వేలు దిగితే ఎఫ్ పలుకుతుంది. తెల్లవారేసరికి ఆరో గిటారు దారిలో ఉంది. దానితో పాటు ఇంకో సంగతీ నేర్చుకున్నాను. తీగల కదలికను కరెంటుగా మార్చే భాగాన్ని పికప్ అంటారు. ఒకే రాగితీగ చుట్ట ఉన్న పికప్ చుట్టుపక్కల కరెంటు తీగల గొణుగుడునంతా పట్టుకుని హుం అంటుంది. 1955లో గిబ్సన్ గిటార్ల కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేసేలా అమర్చి ఆ గొణుగుడును గొణుగుడుతోనే కొట్టేశాడు. తీగ నాదం మాత్రం రెండింటిలోనూ కలిసి బలపడుతుంది. అదే హంబకర్. ఇది ఎంత గొప్పదంటే, కొన్నాక మూడు వారాలకు నాకు ఆ పాత హుం మీద బెంగ పుట్టుకొచ్చింది. ఏడో గిటారు కథ వేరే చెప్పక్కరలేదు.

ప్రతిపక్షంవారు తరచూ జాజ్ గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరు ఎత్తుతారు. 1928లో ఆయన ఉంటున్న బండికి నిప్పంటుకుని ఎడమచేయి కాలింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్ళతో ఆయన వాయించినది ప్రపంచం ఇప్పటికీ నేర్చుకుంటోంది. చూశారా, సమస్య సామానుది కాదు అంటారు. నేను దీన్ని మరోలా చదువుతాను. రెండు వేళ్ళతోనే అంత పని జరుగుతుందంటే వేళ్ళకు పెద్ద ప్రాముఖ్యం లేదన్నమాట. నాకు నాలుగు వేళ్ళూ భేషుగ్గా ఉన్నాయి. కాబట్టి లోపం వేళ్ళది కాదని జాంగోగారే స్వయంగా రుజువు చేశారు.

అమెరికన్ గాయకుడు విల్లీ నెల్సన్ సంగతీ అంతే. 1969 నుంచి ఒకే మార్టిన్ గిటారు, దానికి ట్రిగ్గర్ అని పేరు. వాయించి వాయించి పలకకు పెద్ద బొక్క పడింది. అయినా మార్చలేదు. జనం దీన్ని నిష్ఠ అంటారు. ఒక వాయిద్యం కళ్ళముందు తూట్లుపడుతుంటే రెండోది కొని దానికి విశ్రాంతినివ్వాలన్న ఇంగితం ఏమైందని నేను అడుగుతాను. నా గిటార్లలో దేనికీ బొక్క పడలేదు. తయారీదారు పెట్టిన బొక్క తప్ప. కొన్నింటి మీద ప్లాస్టిక్ పొర కూడా ఇంకా తీయలేదు.

ఇక బ్రయాన్ మే. 1963లో, కుర్రాడిగా ఉన్నప్పుడు, తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకోవడం మొదలుపెట్టాడు. మెడకు పాత చలిమంట గూడు చట్రం నుంచి తీసిన చెక్క, తీగలను ఊగించే మీటకు మోటారుసైకిలు స్ప్రింగులు. దాన్నే క్వీన్ బృందంతో జీవితమంతా వాయించాడు. ఈయన్ను చూసి నేర్చుకోమని మా ఆవిడ సలహా. సరేనని లెక్క వేశాను. ముందు ఒక పాత చలిమంట గూడు కొనాలి, తర్వాత మోటారుసైకిలు. గిటారే చవక.

ఎదురు సాక్ష్యం నా దగ్గరా ఉంది. టెలికాస్టర్, స్ట్రాటోకాస్టర్ పుట్టించిన లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఇది కట్టుకథ కాదు, అందరూ ఒప్పుకున్న విషయం. తయారుచేసేవాడికే వాయించడం రానక్కరలేనప్పుడు కొనేవాడికి ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు ఇప్పటివరకు నాకెవరూ జవాబు చెప్పలేదు. ఇంట్లో నిట్టూర్పు ఒకటి వినిపించింది గాని దాన్ని జవాబుగా పరిగణించలేం.

గిటార్ల దగ్గరే ఆగినవాడు ఇంకా బాగుపడే అవకాశం ఉంది. పెడళ్ళ దాకా వెళ్ళినవాడి సంగతి వేరు. కాలితో నొక్కితే నాదాన్ని గరగరలాడించేవి, ప్రతిధ్వనింపజేసేవి, వణికించేవి, నీళ్ళలో ముంచి తీసినట్టు చేసేవి, ఇలా నా పలక మీద పదున్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది ప్రాణప్రదమైన విషయం, ఎందుకంటే వరస మారితే నాదం మారుతుంది. పదింటిని 36,28,800 వరసల్లో పేర్చవచ్చు. వరసకు ఒక్క నిమిషం చొప్పున, నిద్రాహారాలు మాని పరీక్షించినా 2,520 రోజులు పడుతుంది. అంటే దాదాపు ఏడేళ్ళు. ఈ పరిశోధన మధ్యలో ఉండగా నన్ను పాట వాయించమనడం భావ్యమేనా? పైగా పదకొండో పెడల్ వస్తే ఆ సంఖ్య పదకొండు రెట్లవుతుంది. మొన్న వచ్చింది.

పెడళ్ళ లోకంలో ఒక పురాణముంది, చెప్పకుండా ముందుకు పోలేను. బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 చివర్లో క్లాన్ సెంటార్ అనే పెడల్ తెచ్చారు. సుమారు 8,000 మాత్రమే తయారయ్యాయి. లోపలి సర్క్యూటు ఎవరి కంటా పడకుండా నల్లటి జిగురు పోసి గట్టిపరిచారు. దాచిన కొద్దీ మహిమ పెరిగింది. తయారీ ఆగిపోయాక వాడేసిన పెడళ్ళకే కొత్తనాటి ధరకు ఎన్నో రెట్లు పలికింది. చివరికి ఎవరో ఓపికగా ఆ జిగురు గీకి చూస్తే లోపల మామూలు విడిభాగాలే కనిపించాయి, కాకపోతే కాస్త తెలివిగా అమర్చినవి. అంతటితో నకళ్ళ వరద. తర్వాత ఆయనే చిన్న సైజులో ఇంకో పెడల్ చేస్తూ, ఇంతమందికి చిరాకు తెప్పిస్తున్న ఈ హడావుడి నా నిర్వాకం కాదు, దయచేసి గుర్తుంచుకోండి అన్న అర్థం వచ్చే మాటలు దాని మీదే అచ్చువేయించారు. ఒక వస్తువు తనను నమ్మవద్దని తన ఒంటి మీదే రాసుకుని అంగడికి రావడం నేనైతే ఎక్కడా చూడలేదు. భక్తులు ఆ వాక్యాన్ని కళ్ళకద్దుకుని, పెడల్ కొనుక్కుని వెళ్ళిపోయారు. నా దగ్గరున్నది దాని నకలుకు నకలు. ఆ వాక్యం లేకపోవడం వల్లనో ఏమో, మహిమ కొంచెం తక్కువ.

కానీ మా జాతి ఆత్మను పూర్తిగా అర్థం చేసుకున్నది మాత్రం ముందే అరిగిన గిటార్లు కనిపెట్టినవారే. 1995లో ఫెండర్ కంపెనీ ప్రత్యేక తయారీ విభాగమైన కస్టమ్ షాపు వీటిని బయటికి తెచ్చింది. కొత్త గిటారును తీసుకుని, మోచేయి ఆనేచోట రంగు గీకుతారు. బెల్టు బిళ్ళ తగిలేచోట గీతలు పెడతారు. లోహపు భాగాలకు చిలుము పట్టిస్తారు. ముప్పై ఏళ్ళు వేదికల మీద చెమటోడ్చిన వాయిద్యంలా తయారుచేసి, మచ్చలేని కొత్తదానికన్నా ఎక్కువ ధరకు అమ్ముతారు. దీన్ని చూసి నవ్వేవారున్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకంటే వాయించి అరగదీసే తీరిక మాకేది? రాత్రిళ్ళు పోలికల వీడియోలు చూడాలి, పగలు పార్సిల్ ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. మేము చేయాల్సిన ముప్పై ఏళ్ళ సాధనను మా తరఫున ఎవరో గరుకు కాగితంతో పూర్తిచేసి పంపుతుంటే, అందులో సిగ్గుపడాల్సినది ఏముంది? గిటారు వాయించేవారి ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాస్తాయంటారు. నాకు కుడిచేతి బొటనవేలు కాసింది. ఫోను తెరను పైకి తోసి తోసి.

ఆ వీడియోల గురించి ఒక్క మాట. అందులో ఒక మనిషి ఒక గిటారు పట్టుకుంటాడు. అది పాడుతుంది. మనం కొంటాం. పెట్టె వస్తుంది. పెట్టెలో ఆ మనిషి ఉండడు. ఈ మోసం మీద వినియోగదారుల సంఘాలు ఎందుకు మౌనంగా ఉన్నాయో నాకు అర్థం కాదు.

మా అమ్మాయి ఒక సాయంత్రం వచ్చి, “నాన్నా, ఒక పాట మొత్తం వాయించవా?” అంది.

“ఏ గిటారు మీదమ్మా?”

“ఏదో ఒకటి.”

ఏదో ఒకటి! పిల్లలను మనం ఎలా పెంచుతున్నామో చూడండి. పాటను బట్టి గిటారు, గిటారును బట్టి ఆంప్లిఫయర్, ఆంప్లిఫయరును బట్టి పెడళ్ళ వరస ఉంటాయని వివరించాను. మూడింటిని బయటికి తీసి శ్రుతి చేశాను. నాలుగోదాని కేబుల్ దొరకలేదు. అది దొరికేసరికి అమ్మాయి నిద్రపోయింది. అంత మంచి కేబుల్ చూడకుండానే.

తీగలు మార్చి ఎన్నాళ్ళయిందని ఆ మధ్య ఒక మిత్రుడు అడిగాడు. ఆయనతో ఇప్పుడు మాటల్లేవు. అయినా మనసులో ముల్లులా ఉండిపోయి, ఒక గిటారును బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. మెడ వంగి ఉంటుంది, ఎఫ్ పలకడం లేదు అన్నాను. అతను ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశాడు. బాగానే ఉందన్నాడు. ఏమీ బిగించకుండా, ఏమీ వదులు చేయకుండా, ఒళ్ళో పెట్టుకుని ఎఫ్ వాయించాడు. గుడిగంటలా మోగింది. ఆ తుప్పు తీగల మీదే. ఇంకోసారి వాయించమన్నాను. మళ్ళీ మోగింది.

నేను కంగారుపడలేదు. పరిశీలించాను. అతను కూర్చున్న కుర్చీకి చేతులు లేవు. నేను ఇంట్లో కూర్చునే కుర్చీకి చేతులున్నాయి. ఇన్నేళ్ళూ గిటారు కింది అంచు ఆ చేతికి తగిలి, మెడ ఇటు తిరిగి, మణికట్టు అటు వంగి, అమాయకమైన నా చూపుడు వేలు నింద మోసింది. చేతుల్లేని కుర్చీ ఆ రాత్రే ఎంచుకున్నాను. ఎత్తు సరిపోతుందో లేదోనని రెండు రకాలు. కుర్చీలు వచ్చాయి, కూర్చున్నాను, వాయించాను. గోనెసంచి, చీపురు. నేల సమంగా లేదేమోనని ఇప్పుడు అనుమానం.

“పన్నెండోది వస్తే ఆ ఎఫ్ ఏదో పలుకుతుందంటారా?” అని మా ఆవిడ అడిగింది. గొంతులో వెటకారం ఉందో లేదో పోల్చుకోలేకపోయాను. అదే పోల్చుకోగలిగితే గిటారు కూడా వచ్చేదేమో. పలకకపోతే సాక్షుల సంఖ్య పన్నెండవుతుందని జవాబిచ్చాను. ఆమె కాసేపు నన్నూ, గోడకు వేలాడుతున్న వాటినీ మార్చి మార్చి చూసి, “ఆ మద్దెల మాట మీరు తీశారు కాబట్టి అడుగుతున్నాను, అసలు మీరెప్పుడైనా మద్దెల చూశారా?” అంది.

నిజమే. ఒక వాయిద్యం తరఫున ఇంత దూరం వాదించి, దాన్ని తాకనైనా తాకకపోవడం బాధ్యత గల వ్యాసకర్త చేయాల్సిన పని కాదు. అందుకే మద్దెల తెప్పిస్తున్నాను. గురువారం వస్తుంది. ఓడుదో కాదో తేల్చాలంటే పక్కన మంచిది కూడా ఉండాలి కదా, అందుకని రెండు.