పెళ్లికెళ్తే అద్దం ముందు క్యూ

హైదరాబాద్‌లో కొంపల్లి వైపు ఏ ఫంక్షన్ హాలుకెళ్లినా పన్నీరు చల్లేవాళ్లకంటే ముందు సెల్ఫీ బూత్ కుర్రాడే పట్టుకుంటున్నాడు. నిలువెత్తు అద్దం, తాకితే కౌంట్‌డౌన్, ఫ్లాష్, అంతా బాగానే ఉంటుంది కానీ ఫోటో రావాలంటే ఫోన్ నంబర్ కొట్టాలట! నా మొహం నాకివ్వడానికి నంబర్ ఎందుకయ్యా? ఆ తర్వాత రోజూ బర్త్‌డే ప్యాకేజీల మెసేజ్‌లు. 1925లో న్యూయార్క్‌లో అనటోల్ జోసెఫో అనే ఆయన పెట్టిన ఫోటో బూత్‌లో పావు డాలరు వేస్తే 8 ఫోటోలు వచ్చేవి, నంబరూ గింబరూ ఏం లేదు.

ఇక ఆ 360 డిగ్రీల కెమెరా. పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని మా పిన్ని ఆ గుండ్రటి పీట ఎక్కింది, కెమెరా చుట్టూ గిర్రున తిరుగుతుంటే ఆ కెమెరా కుర్రాడేమో 'ఆంటీ, జుట్టు ఎగరేయండి' అని ఒకటే అరుపులు. కొప్పు ఎలా ఎగరేస్తుంది బాబూ?

అటు మండపంలో జీలకర్ర బెల్లం పెట్టేస్తున్నారు, అక్షింతలు వేయడానికి ముందు వరసలో మనుషుల్లేరు, సగం మంది ప్లాస్టిక్ మీసాలు పెట్టుకుని ఇక్కడ క్యూలో. (ఆ మీసాలు ఒకరి మూతి మీంచి ఇంకొకరి మూతికి, మధ్యలో తుడిచే నాథుడే లేడు.) కనీసం ముహూర్తం టైమ్‌లో ఓ అరగంటైనా ఆ మిషన్ ఆపించండి, అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి.