పిరికితనం కాదు, కళ్ళు తిరుగుతాయంతే

కంటి ఆస్పత్రిలో కళ్ళు తిరిగి పడిపోయానని చెబితే ఇంతవరకు నవ్వని మనిషి నాకు తగల్లేదు. మా బావమరిది అయితే "కళ్ళు చూపించుకోడానికి వెళ్లి తిప్పించుకుని వచ్చావా బావా" అన్నాడు. సరే, నవ్వుకోండి. కానీ నవ్వాక "మరీ అంత పిరికివాడివేంటి" అంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

కుడి కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్‌కు ముందు పరీక్షలు. స్టూలు మీద కూర్చుని గడ్డం స్టాండుకి ఆనించాను, మొద్దుబారే చుక్కలు వేశారు, కంటి ప్రెషర్ చూసే నీలం లైటు మెల్లగా దగ్గరికొస్తోంది. నొప్పి లేదు. భయం కూడా లేదు, ఒట్టు. ముందు ఒక ఆవలింత, వెంటనే ఇంకోటి, మెడ వెనక చల్లటి చెమట, సిస్టర్ గొంతు పక్క వీధిలోంచి వస్తున్నట్టు. "రెప్ప వేయకండి సార్" అన్నది వినపడింది, ఆ తర్వాత సీలింగ్ ఫ్యాన్ కనపడింది. అప్పటికే ఇద్దరు చంకల్లో చేతులేసి నన్ను కుర్చీలో కుదేయడానికి చూస్తున్నారు. అదేం అలవాటో మనవాళ్ళకి, పడిపోయినవాణ్ణి పడుకోనివ్వరు. మెదడుకి రక్తం చాలకే కదా పడింది, వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెడితే కాసేపటికి వాడే తేరుకుంటాడు.

మామూలు భయంలో గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది. నాలాంటివాళ్ళకి సూదో రక్తమో ఎదురైతే మొదట కాస్త పెరిగి, తర్వాత రెండూ ధబీమని పడిపోతాయి. మెదడు నుంచి గుండెకి వెళ్ళి దాని వేగం తగ్గించే వేగస్ నరం చేసే పని అది. కంటితో ఇంకో తిరకాసు కూడా ఉంది, కనుగుడ్డుని నొక్కినా, దాని కండరాన్ని లాగినా గుండె వేగం తగ్గొచ్చు. 1908లోనే అష్నర్, డాగ్నీనీ అని ఇద్దరు డాక్టర్లు దీన్ని రాసిపెట్టారు. పిల్లలకి మెల్లకన్ను ఆపరేషన్ చేసేటప్పుడు మత్తు డాక్టరు మానిటర్ మీదనుంచి చూపు తిప్పనిది ఇందుకే. మత్తులో ఉన్న పసివాడికి కూడా అయ్యేదాన్ని పట్టుకుని పిరికితనం అంటే ఎలా?

అన్నిటికంటే పెద్ద జోకు "రిలాక్స్ అవ్వండి". ఒళ్ళు వదులు చేస్తే బీపీ ఇంకా దిగుతుంది! చేయాల్సింది రివర్స్. 1980ల్లో స్వీడన్ సైకాలజిస్టు లార్స్ యోరన్ ఓస్ట్ నేర్పిన పద్ధతి ఒకటుంది: చేతులు, తొడలు, పొట్ట కండరాలు ముఖంలోకి వేడి వచ్చేదాకా 10-15 సెకన్లు బిగించాలి, 20-30 సెకన్లు వదలాలి, అలా ఓ ఐదుసార్లు. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. టీవీ ముందు కూర్చుని రోజూ ప్రాక్టీసు చేస్తుంటే మా ఆవిడ "ఏమండీ, అరటిపండు తినకపోయారా" అని జాలిపడింది.

ఆపరేషన్ బల్ల మీద మాత్రం సొంత తెలివితో ఇది చేయకండి, కంట్లో పరికరం ఉండగా కదిలినా, ముఖం బిగించినా ప్రమాదం. నేను ముందే సర్జన్‌తో మాట్లాడాను. పడుకుని ఉన్నప్పుడు స్పృహ తప్పడం తక్కువ, నా గండమంతా అంతకుముందు బెంచీ మీద కూర్చున్నప్పుడూ, తర్వాత లేచేటప్పుడూ. అందుకని చుక్కలు కూడా పడుకోబెట్టే వేశారు. కంటి పక్కన మత్తు సూది లేకుండా మొద్దుబారే చుక్కలతోనే ఆపరేషన్ కానిచ్చారు, అది అందరికీ కుదరదు. పొద్దున్న టిఫిన్ తినొచ్చా, బీపీ మాత్ర వేసుకోవాలా అన్నవీ వాళ్ళనే అడిగాను. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ అనే మందు వాడే పెద్దాయనలూ, సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, దాంతో లేచినప్పుడు బీపీ దిగడం ఒక్కటే కాదు, ఆపరేషన్‌లో కంటిపాప సరిగా విచ్చుకోకపోవచ్చు. ఎప్పుడూ లేనిది కొత్తగా పడిపోవడం మొదలైతే ముందు గుండె చూపించుకోండి.

నా అసలు కోపం ఆ ఫారం మీద. షుగర్, బీపీ, ఎలర్జీ, బీమా నంబరు, అన్నీ అడిగారు, "ఎప్పుడైనా స్పృహ తప్పారా" అన్న గడి మాత్రం లేదు. నేనే మార్జిన్‌లో పెన్నుతో రాస్తే కౌంటర్లో అమ్మాయి "దానికి కాలమ్ లేదు సార్" అంది. కాలమ్ లేకపోతే పడిపోవడం మానేస్తానా తల్లీ!

ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. పది నిమిషాలు అలాగే పడుకుని, పాదాలు ఆడించి, కాసేపు కూర్చుని అప్పుడు లేచాను. వచ్చే నెల ఎడమ కన్ను. బావమరిది తోడొస్తానన్నాడు, "బయట టీవీలో ఆపరేషన్ చూపిస్తారటగా బావా" అని ఒకటే సంబరం. వాడికి కుర్చీ కాదు, మంచం అడగాలి.