యాభై రూపాయల జరిమానాకి యావజ్జీవ శిక్షా?

ముందే చెప్తున్నా, దొంగల్నీ రౌడీల్నీ వెనకేసుకొచ్చే పోస్ట్ కాదిది. చిన్నపిల్లల స్కూల్లోనో బ్యాంకు క్యాష్ కౌంటర్లోనో మనిషిని పెట్టుకునేటప్పుడు పాత కేసులు చూడాల్సిందే. నా గొడవంతా చిన్నాచితకా కేసుల గురించి. పేకాటలో దొరికినవాడు, రైలు ఆపడానికి చైన్ లాగినవాడు, కాలేజీ రోజుల్లో ధర్నాలో రోడ్డు మీద కూర్చున్నవాడు, ఇలాంటివాళ్ల గురించి.

మా మేనల్లుడిది భీమవరం దగ్గర ఊరు. డిగ్రీలో ఉండగా సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర పోలీసులకి దొరికాడు. బరి వేసినవాళ్లు, లక్షలు కాసినవాళ్లు ఎటు పోయారో అడక్కండి. కోర్టు వరండాలో కానిస్టేబుల్ చెప్పిన మాట ఇది: "ఒప్పేసుకో బాబూ, ఫైన్ కట్టేస్తే అయిపోద్ది. లేదంటే వాయిదాలకి తిరగలేక చస్తావ్." కడుపులో ఏదో పెట్టుకుని అన్నమాట కాదు. అక్కడ అందరూ ఇచ్చే సలహా అదే. వీడు ఒప్పుకున్నాడు, కట్టాడు. దాన్ని కన్విక్షన్ (కోర్టు నేరస్థుడిగా తేల్చడం) అంటారని వాడికి గానీ మా బావకి గానీ చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

ఏళ్లు గడిచాక హైదరాబాద్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది, వెంటనే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం. "మీకు ఎప్పుడైనా, ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా?" పక్కన రెండు గడులు: అవును, కాదు. ఏం జరిగిందో రాసుకోవడానికి ఒక్క గీత ఖాళీ లేదు. "మామయ్యా, ఏది టిక్ పెట్టను?" అని ఫోన్ చేశాడు. నిజమే పెట్టమన్నాను. పెట్టాడు. "మెయిల్ పంపిస్తాం" అన్న హెచ్‌ఆర్ మేడమ్ ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు.

పోనీ 'కాదు' అని పెడితే? ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరు, సంవత్సరం కొడితే జిల్లా కోర్టు కేసులు బయటపడతాయి. అప్పుడు అబద్ధం చెప్పాడన్నది కేసుకన్నా పెద్ద నేరమవుతుంది. అసలు ఏ కేసూ లేనివాడికీ, అదే పేరున్న ఇంకొకడి కేసు తగులుకుంటుందేమోనని టెన్షనే. మన దగ్గర కె. శ్రీనివాసరావులు ఎంతమంది లేరు?

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కొంత నయంగానే చెప్పింది. కుర్రతనంలో నినాదాలు చేయడంలాంటి చిన్న కేసైతే, దాన్ని ఫారంలో దాచినా ఉద్యోగమిచ్చేవాళ్లు క్షమించవచ్చంది. అయితే నిజం చెప్పినవాడిని తీసుకుని తీరాలని మాత్రం అనలేదు. అదీ ప్రభుత్వ ఉద్యోగాల సంగతి. ప్రైవేటు కంపెనీకి ఆ మాత్రం మొహమాటం కూడా లేదు.

ఇంకో లెక్క చూడండి. కోడిపందేలకి వర్తించే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో మొదటిసారి తప్పుకి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇప్పుడు యాభైకి టిఫిన్ కూడా సరిగ్గా రాదు. అదే మన ఎమ్మెల్యేగారికైతే, కొన్ని ప్రత్యేక నేరాలు పక్కనపెడితే, రెండేళ్లు లేదా అంతకుమించి జైలుశిక్ష పడితేనే అనర్హత. అదీ విడుదలయ్యాక ఆరేళ్లకి తీరిపోతుంది. శాసనాలు చేసేవాడి మచ్చకి గడువుంది, కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రాడి మచ్చకి లేదు!

శిక్షాస్మృతిని మనకి అంటగట్టిపోయిన బ్రిటన్‌వాళ్లు 1974లోనే తమకోసం వేరే చట్టం చేసుకున్నారు. ఇప్పుడక్కడ పెద్దవాళ్లకి పడిన జరిమానా ఏడాది దాటితే, కొన్ని సున్నితమైన ఉద్యోగాలకి తప్ప, చెప్పనక్కర్లేదు. మనకి అలాంటి చట్టం లేదు. ఉన్నదల్లా 1958 నాటి ప్రొబేషన్ చట్టం. చిన్న నేరమైతే మందలించి వదిలేయొచ్చు, అలా వదిలితే ఆ శిక్షవల్ల వచ్చే అనర్హత అంటదని 12వ సెక్షన్ చెప్తుంది. కానీ అడిగేవాళ్లుండాలి కదా. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కేసు పడితే నేరం ఒప్పుకునే ముందు లాయర్‌ని ఈ ఒక్క మాట అడగండి.

నా ఫ్రెండ్స్ లిస్టులో హెచ్‌ఆర్ వాళ్లు చాలామందే ఉన్నారు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆ ఫారంలో 'ఎప్పుడైనా' తీసేసి 'గత ఐదేళ్లలో' అని పెట్టండి. కింద వివరం రాసుకోవడానికి నాలుగు గీతలు వదలండి. కామెంట్లలో "కంపెనీ పాలసీ సార్" అని మాత్రం రాయొద్దు, ఆ పాలసీ రాసేది మీరే.