రహస్య రాజీలు ఎవరి మేలుకు?

యాపిల్, సామ్‌సంగ్ సంస్థల మధ్య ఏడేళ్లకు పైగా నలిగిన డిజైన్ వివాదం 2018 జూన్ 27న ముగిసింది. మూడు జ్యూరీలు విన్న కేసు అది. అప్పీల్ కోర్టుకు, అక్కడి నుంచి అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్లి మళ్లీ మొదటి న్యాయస్థానానికే తిరిగి వచ్చింది. ఇంత జరిగాక, తాము రాజీపడ్డామని రెండు సంస్థలూ కోర్టుకు తెలియజేశాయి. ఎవరు ఎవరికి ఎంత చెల్లించాలో, ఏ షరతులకు అంగీకరించారో మాత్రం బయటపెట్టలేదు. ప్రజాధనంతో నడిచే న్యాయస్థానాల కాలాన్ని సంవత్సరాల తరబడి వాడుకున్నవారు ఫలితాన్ని తమలో తామే దాచుకోవడాన్ని మేం ఆమోదించలేం.

పేటెంట్ పుట్టుకతో వచ్చే ఆస్తి కాదు. కొత్త విషయాన్ని కనుగొన్నవారు దాన్ని దాచకుండా లోకానికి వివరిస్తారు. అందుకు బదులుగా, దరఖాస్తు చేసిన నాటి నుంచి సాధారణంగా ఇరవై ఏళ్లపాటు ఇతరులెవరూ దాన్ని అనుమతి లేకుండా వాడుకోరాదన్న హక్కును సమాజం వారికి ఇస్తుంది. ఆవిష్కరణ ఎలా పనిచేస్తుందో అక్షరం పొల్లుపోకుండా రాసివ్వాలని పట్టుబట్టే చట్టం, దాన్ని ఎంతకు వాడుకోనిస్తున్నారో చెప్పాలని మాత్రం అడగదు. స్మార్ట్‌ఫోన్ తయారీదారుల తగాదాలన్నీ చివరికి ఈ ఖాళీలోకే వచ్చి పడుతున్నాయి.

2009లో నోకియా యాపిల్‌పై కేసు వేసింది. మరుసటి ఏడాది యాపిల్ హెచ్‌టీసీపై, ఒరాకిల్ గూగుల్‌పై కోర్టుకెక్కాయి. 2011 ఏప్రిల్‌లో యాపిల్ సామ్‌సంగ్‌పై దావా వేసింది. అంతకు ముందే దివాలా తీసిన నోర్టెల్ అనే టెలికాం సంస్థకు చెందిన సుమారు 6,000 పేటెంట్లను యాపిల్, మైక్రోసాఫ్ట్, సోనీ, ఎరిక్సన్ తదితర సంస్థలు ఆ ఏడాదే వేలంలో జట్టుకట్టి 450 కోట్ల డాలర్లకు దక్కించుకున్నాయి. ఆ వేలంలో ఓడిన గూగుల్ కొద్ది వారాలకే 1,250 కోట్ల డాలర్లతో మోటోరోలా మొబిలిటీని కొంటున్నట్లు ప్రకటించింది. తర్వాత పేటెంట్లలో అధిక భాగాన్ని తన దగ్గరే ఉంచుకుని, ఫోన్ల వ్యాపారాన్ని లెనోవోకు 291 కోట్ల డాలర్లకు అమ్మివేసింది. ఆ సొమ్ములో పెద్ద భాగం కొత్త ఫోను తయారు చేయడానికి కాక, ప్రత్యర్థి కేసు వేస్తే ఎదురు కేసు వేయడానికి పెట్టిన ఖర్చు.

యాపిల్–సామ్‌సంగ్ కేసును కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే చట్టంలోని లోపం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. సామ్‌సంగ్ చేసింది సరైన పని అని మేం అనడం లేదు. తన గెలాక్సీ ఫోనును ఐఫోన్‌తో ఒక్కో తెరనూ పక్కపక్కన పెట్టి పోల్చి, ఎక్కడెక్కడ మార్చాలో చెప్పిన ఆ సంస్థ అంతర్గత పత్రం 132 పేజీలు ఉంది. దాన్ని జ్యూరీ చూసింది. ఇతరుల శ్రమను చూసి రాసుకునేవారికి శిక్ష ఉండాల్సిందే. కానీ ఎంత శిక్ష? 2012 ఆగస్టు 24న జ్యూరీ వేసిన పరిహారం 105 కోట్ల డాలర్లు. న్యాయమూర్తి లూసీ కో అందులో కొంత భాగాన్ని కొట్టివేసి మళ్లీ లెక్కించాలన్నారు. 2013లో రెండో జ్యూరీ లెక్కతో అది సుమారు 93 కోట్లయింది. 2015లో అప్పీల్ కోర్టు మరికొంత తీసివేయగా 54.8 కోట్లకు దిగింది. 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ లెక్క కట్టిన పద్ధతినే తప్పుపట్టింది. 2018 మేలో మూడో జ్యూరీ 53.9 కోట్లు అంది. ఒకే తప్పుకు ఇన్ని వెలలు పలికాయంటే వెల కట్టడానికి నిలకడైన కొలమానమే లేదని అర్థం.

ఆ చివరి మొత్తంలో 53.33 కోట్లు మూడు డిజైన్ పేటెంట్లకే, అంటే వస్తువు పనితీరుపై కాక రూపంపై ఇచ్చిన హక్కులకే పోయాయి. గుండ్రటి మూలలున్న ముందు భాగం, దాని చుట్టూ ఉన్న అంచు, తెరపై వరుసలుగా పేర్చిన రంగురంగుల గుర్తులు: ఇవీ ఆ మూడు. ఫోను పనిచేసే తీరుకు సంబంధించిన రెండు పేటెంట్లకు దక్కింది 53 లక్షల డాలర్లే. ఈ తేడాకు మూలం 1887 నాటి అమెరికా చట్టం. అంతకు ముందు తివాచీల డిజైన్లు కాపీ కొట్టిన కేసులో సుప్రీంకోర్టు ఆరు సెంట్ల నామమాత్రపు పరిహారంతో సరిపెట్టింది. ఆగ్రహించిన తయారీదారుల కోసం అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. డిజైన్‌ను కాజేసినవారు ఆ వస్తువుపై సంపాదించిన లాభమంతా అసలు యజమానికే చెందాలని అందులో రాసింది. తివాచీని కొనేవారు దాని అల్లికను చూసే కొంటారు కాబట్టి ఆ నియమానికి అప్పట్లో అర్థముంది. రేడియో, కెమెరా, ప్రాసెసర్, బ్యాటరీ, లక్షల వరుసల సాఫ్ట్‌వేర్ కలిసి ఉన్న ఫోనుకు అదే నియమాన్ని అన్వయించి, మూలలు గుండ్రంగా ఉన్నాయని లాభమంతా లాక్కోవడం న్యాయం కాదు. లాభాన్ని లెక్కించాల్సిన ‘వస్తువు’ మొత్తం ఫోనే కానక్కర్లేదు, అందులోని ఒక భాగమూ కావచ్చని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ భాగం ఏదో ఎలా తేల్చాలన్న పరీక్షను మాత్రం కింది కోర్టులకే వదిలేసింది. ఆ పరీక్ష ఏ పైకోర్టులోనైనా గట్టిపడేలోపే రాజీ కుదిరింది. ఈ పోరులో తర్వాతి తరాలకు ఉపయోగపడగలిగిన సూత్రం ఒక్కటుంటే అది ఇదే. అది కూడా రాజీ వెనక మరుగున పడిపోయింది.

ఇన్నేళ్లూ ఈ రెండు సంస్థలు శత్రువులేమీ కావు. కోర్టుల్లో పరస్పరం ఆరోపించుకుంటున్న కాలంలోనే ఐఫోన్లకు చిప్‌లు సామ్‌సంగ్ కర్మాగారాల్లో తయారయ్యాయి. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్‌కు ఓఎల్‌ఈడీ తెరలు కూడా సామ్‌సంగ్ నుంచే వచ్చాయి. అవసరం ఉన్నచోట పెద్దలు పెద్దలతో సర్దుకోగలరు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరిగినట్టు, నష్టపోయేది చిన్న తయారీదారులు, చివరికి కొనుగోలుదారులు.

డిజైన్ల తగవు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి అందరూ మాట్లాడారు. అంతకన్నా ముఖ్యమైన తగవు ఫోను లోపల ఉంది. ఏ సంస్థ ఫోనైనా ఏ దేశపు నెట్‌వర్క్‌తోనైనా మాట్లాడగలుగుతోందంటే 3జీ, 4జీ, 5జీ ప్రమాణాలను పరిశ్రమ అంతా కూర్చుని రాసుకుంది కాబట్టి. ఆ ప్రమాణాన్ని పాటించాలంటే కొన్ని పేటెంట్లను వాడక తప్పదు, దారి మళ్లడానికి వీలుండదు. అందుకే అలాంటి పేటెంట్లున్న సంస్థలు న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని షరతులపై అందరికీ లైసెన్సు ఇస్తామని ముందుగానే మాట ఇస్తాయి. ‘న్యాయమైన’ అంటే ఎంత? మాట ఇచ్చేటప్పుడు ఆ అంకెను ఎవరూ రాయరు. వ్యాజ్యాలన్నీ అక్కడే పుడుతున్నాయి.

2013 జూన్‌లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్, సామ్‌సంగ్‌కు చెందిన ఇలాంటి ఒక ప్రామాణిక పేటెంట్ ఆధారంగా కొన్ని పాత ఐఫోన్లు, ఐప్యాడ్‌ల దిగుమతిని నిషేధించింది. ఆగస్టులో ఒబామా ప్రభుత్వం ఆ ఉత్తర్వును తోసిపుచ్చింది. 1987 తర్వాత అలా జరగడం అదే తొలిసారి. రెండు నెలల తర్వాత యాపిల్ పేటెంట్ల ఆధారంగా సామ్‌సంగ్ ఫోన్లపై వచ్చిన నిషేధాన్ని మాత్రం అదే ప్రభుత్వం కొనసాగనిచ్చింది. స్వదేశీ సంస్థకు కొమ్ముకాశారన్న విమర్శ వచ్చింది. ఆ అనుమానం సహజమే. అయినా ఆ రెండు పేటెంట్ల మధ్య ఉన్న తేడా నిజమైనదని మేం భావిస్తున్నాం. అందరికీ ఇస్తానని మాట ఇచ్చిన హక్కును చూపి అమ్మకాలే ఆపించడం మాట తప్పడమే. 2014 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ కూడా మోటోరోలా, సామ్‌సంగ్‌ల విషయంలో దాదాపు ఈ వైఖరినే తీసుకుంది.

ఆ వైఖరి నిలబడలేదు. 2022 ఆగస్టులో జర్మనీ కోర్టులు నోకియాకు అనుకూలంగా తీర్పులివ్వడంతో ఒప్పో ఆ దేశంలో ఫోన్ల అమ్మకాలు నిలిపివేసింది. 2024 జనవరిలో రెండూ రాజీపడ్డాయి, షరతులు గోప్యం. ఫోన్లు తయారుచేసే షావోమీకి, పేటెంట్లకు లైసెన్సులిచ్చే ఇంటర్‌డిజిటల్‌కు మధ్య వివాదం మరీ దూరం వెళ్లింది. ఢిల్లీలో వేసిన కేసును ముందుకు నడపరాదని ఇంటర్‌డిజిటల్‌ను 2020లో చైనాలోని వుహాన్ కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశాన్ని అమలు చేయించే ప్రయత్నం చేయరాదని ఢిల్లీ హైకోర్టు షావోమీని కట్టడి చేసింది. రెండు సార్వభౌమ దేశాల న్యాయస్థానాలు ఒక రాయల్టీ (పేటెంట్ వాడుకున్నందుకు చెల్లించే సొమ్ము) లెక్క కోసం ఎదురెదురుగా నిలబడ్డాయి. 2021 ఆగస్టులో ఆ రెండు సంస్థలూ రాజీపడ్డాయి. ఆ షరతులూ గోప్యమే.

బహిరంగంగా తేలిన కొద్ది సందర్భాల్లో ఏం కనిపించిందో చూడండి. చిప్‌ల తయారీ సంస్థ క్వాల్‌కామ్‌కు ఒక్కో ఐఫోన్‌పై ఏడున్నర డాలర్లు కట్టేవాళ్లమని యాపిల్ ఉన్నతాధికారి 2019 జనవరిలో సాక్ష్యం చెప్పారు. అది యాపిల్ వేసిన కేసులో కాదు, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ క్వాల్‌కామ్‌పై వేసిన కేసులో. ప్రభుత్వ సంస్థ బోనెక్కించి అడిగితేనే ఆ అంకె బయటికి వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 16న యాపిల్, క్వాల్‌కామ్ తమ సొంత వ్యాజ్యాలన్నింటినీ విచారణ మొదలవుతుండగానే విరమించుకున్నాయి. అదే రోజు ఇంటెల్ 5జీ ఫోను మోడెమ్‌ల (ఫోనును నెట్‌వర్క్‌తో కలిపే చిప్‌ల) వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. క్వాల్‌కామ్ చిప్‌లకు ఉన్న పెద్ద పోటీదారు రంగం నుంచి వెళ్లిపోయిన రోజున, దానికి దారితీసిన ఒప్పందంలో ధర ఎంతో వినియోగదారులకు చెప్పే బాధ్యత ఎవరికీ లేకపోయింది.

బ్రిటన్ కోర్టులు ఈ విషయంలో మెరుగు. ప్రపంచమంతటికీ వర్తించే రాయల్టీని తాము నిర్ణయించవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 2020లో హువావే కేసులో చెప్పింది. ఆ దారిలోనే 2023లో ఇంటర్‌డిజిటల్–లెనోవో కేసులో న్యాయమూర్తి ఒక్కో పరికరానికి 17.5 సెంట్లు అన్నారు. మరుసటి ఏడాది అప్పీల్ కోర్టు దాన్ని 22.5 సెంట్లు చేసింది. ఆప్టిస్ అనే సంస్థ యాపిల్‌పై వేసిన కేసులో 2023లో కింది కోర్టు నిర్ణయించిన మొత్తం 5.64 కోట్ల డాలర్లు. 2025 మేలో అప్పీల్ కోర్టు నిర్ణయించింది 50.2 కోట్లు. ఒకే పేటెంట్లు, ఒకే వాడకందారు, దాదాపు తొమ్మిది రెట్ల తేడా! ఇది న్యాయమూర్తుల అసమర్థత అనుకోవడం పొరపాటు. సరిపోల్చడానికి వారి ముందుకు వచ్చేవి పాత లైసెన్సు ఒప్పందాలే. వాటిలో అధిక భాగం గోప్యం. కోర్టులో చూపినవాటిని కూడా ప్రచురించిన తీర్పుల్లో నల్లగా కప్పివేస్తున్నారు. ధరలు తెలియని బజారులో సరైన ధర చెప్పమంటే ఎంతటి నిపుణులైనా ఊహించాల్సిందే.

దీనికి మందు కనిపెట్టలేనిది కాదు. 2023 ఏప్రిల్‌లో ఐరోపా కమిషన్ ఒక ముసాయిదా తెచ్చింది. ప్రామాణిక పేటెంట్లన్నింటికీ రిజిస్టరు ఉండాలని, నిజంగా తప్పనిసరైనవి ఎన్నో నిపుణులతో పరీక్ష చేయించాలని, ఒక ప్రమాణానికి చెల్లించాల్సిన మొత్తం రాయల్టీని ముందే వెల్లడించాలని, కోర్టుకు వెళ్లేముందు రేటు తేల్చే ప్రక్రియ ఒకటి జరగాలని ప్రతిపాదించింది. 2024 ఫిబ్రవరిలో ఐరోపా పార్లమెంటు దాన్ని బలపరిచింది. దాదాపు ఏడాదికి, సభ్యదేశాల మధ్య అంగీకారం కుదిరే సూచన లేదంటూ కమిషన్ దాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు ప్రకటించింది. పెద్ద పేటెంట్ యజమానులు మొదటి నుంచీ దాన్ని వ్యతిరేకించారు. ఆ ఉపసంహరణ పెద్ద పొరపాటని మా నిశ్చితాభిప్రాయం.

పేటెంట్ యజమానుల వాదనలో ఒక ముఖ్యమైన సత్యం ఉంది, దాన్ని తేలిగ్గా తీసివేయలేం. లైసెన్సు తీసుకోకుండానే ఏళ్ల తరబడి ఫోన్లు అమ్ముకుంటూ, చర్చల పేరుతో కాలం సాగదీసే తయారీదారులున్నారు. అమ్మకాలపై నిషేధమనే భయం లేకపోతే వారు చెల్లించరు. పరిశోధనపై ఏటా భారీగా వెచ్చించే సంస్థకు దాని ప్రతిఫలం పదేళ్ల తర్వాత రావడం కూడా అన్యాయమే. ఐరోపా న్యాయస్థానం 2015లో హువావే–జెడ్‌టీఈ కేసులో చెప్పిన పద్ధతి ఇందుకు సరిపోతుంది. యజమాని ముందు హెచ్చరించి రాతపూర్వకంగా షరతులు చెప్పాలి. అవతలివారు జాప్యం చేయకుండా ఒప్పుకోవాలి, లేదా తమ షరతులు రాసివ్వాలి. రెండూ చేయకుండా తప్పించుకు తిరిగేవారిపైనే నిషేధం రావాలి. కోర్టు నిర్ణయించే రేటు చెల్లిస్తామని పూచీకత్తు కట్టినవారి అమ్మకాలు ఆపకూడదు.

వ్యాపార రహస్యాలు బయటపడతాయన్న అభ్యంతరానికి మాత్రం మేం విలువ ఇవ్వలేం. చిప్ ఎలా తయారవుతుందో, వచ్చే ఏడాది ఏ ఫోను వస్తుందో చెప్పమని ఎవరూ అడగడం లేదు. అందరికీ ఒకే న్యాయమైన షరతులు ఇస్తామని మాట ఇచ్చినవారు ఎవరికి ఎంతకు ఇచ్చారో చెప్పకపోతే, వివక్ష లేదని రుజువయ్యే మార్గమే లేదు. కనీసం ప్రామాణిక పేటెంట్లకైనా, కోర్టు గడప తొక్కిన ప్రతి వివాదంలోనూ, రాజీ కుదిరిన రోజున ఒక్కో పరికరానికి పడే రేటును, ఒప్పందం కాలపరిమితిని కోర్టుకు సమర్పించి ప్రచురించాలి. దీనికి కొత్త అంతర్జాతీయ ఒడంబడిక అవసరం లేదు. వ్యాజ్యం ఉపసంహరణకు అనుమతి ఇచ్చేముందు ఆ రెండు అంకెలూ అడిగేలా ఏ దేశమైనా తన కోర్టు నియమాలను సవరించుకోవచ్చు. ఐరోపా కమిషన్ పక్కన పెట్టిన ముసాయిదాలో మరేదీ సాధ్యం కాకపోయినా, రిజిస్టరు, తప్పనిసరి పేటెంట్ల పరీక్ష అన్న రెండు అంశాలను వేరుచేసి మళ్లీ పార్లమెంటు ముందుకు తేవాలి. 6జీ ప్రమాణాల రచన ఇప్పటికే మొదలైంది. ఆ ప్రమాణానికి మాట ఇచ్చే సంస్థలు, ఈసారి మాటతో పాటు అంకెను కూడా ముందే రాసిపెట్టాలని ప్రమాణాల సంఘాలు షరతు విధించడానికి ఇదే తగిన సమయం.