మా ఇంటికి కల్యాణి వచ్చిన వారం

మా పాపకి ఆరేళ్లు. పియానో క్లాసులో చేర్పించి మూడు నెలలైంది. ఇంట్లో ఉన్నది మాత్రం పియానో కాదు, 61 మెట్ల కీబోర్డు. అసలు పియానోకి 88 ఉంటాయి. మా విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్ హాల్లోకి అది వస్తే మేం బాల్కనీలోకి మారాలి.

"రోజూ పది నిమిషాలు చాలండీ, మీరు పక్కన కూర్చోండి" అన్నారు టీచరుగారు. ఆ పది నిమిషాల లెక్క వేరు. మంచినీళ్లకి రెండు, బాత్రూమ్‌కి మూడు, "ఈ వేలు నొప్పి" అని చూపించడానికి ఒకటి (ఏ వేలన్నది రోజూ మారుతుంది). కుర్చీ సర్దడానికి ఇంకో రెండు. మోచేతులు మెట్ల ఎత్తుకి రావాలి కదా, అందుకని డైనింగ్ కుర్చీ మీద రెండు దిళ్లు. కాళ్లు గాల్లో వేలాడకూడదు, కనక కింద అత్తయ్యగారి పీట. మిగిలిన రెండు నిమిషాలూ సంగీతం.

అత్తయ్యగారిది విజయనగరం. అక్కడ 1919లోనే సంగీత కళాశాల పెట్టారని, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలని మా ఇంటికొచ్చే కొరియర్ కుర్రాడికి కూడా తెలుసు. చిన్నప్పుడు ఆవిడ నాలుగేళ్లు పాట నేర్చుకున్నారు. పాప మొదటిసారి సి మేజర్ స్కేలు (సి నుంచి వరసగా తెల్ల మెట్లే) వాయించినప్పుడు వంటింట్లోంచే "ఇది మన శంకరాభరణమే కదా బాబూ!" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఫోన్లో వెతికితే నిజమే, కర్ణాటక సంగీతంలో 29వ మేళకర్త (మూల రాగం). ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

గొడవంతా జంతికలతో మొదలైంది. పాప జంతిక తిన్న చేత్తో ప్రాక్టీసు చేసింది. మా ఆవిడ తడిగుడ్డతో మెట్లన్నీ తుడిచింది. విశాఖ ఉక్కకి ముందే జిగురు వదిలిన, ఏ మెట్టు ఏ స్వరమో చూపించే అక్షరాల స్టిక్కర్లన్నీ గుడ్డకి అంటుకుని వచ్చేశాయి. "నేను అతికిస్తాలే" అన్నాను, అదేదో పెద్ద పనిలా చేతులు కడుక్కుని మరీ. నల్ల మెట్ల గుంపుకి ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు సి అని టీచరుగారు చెప్పింది గుర్తుంది. గుంపులు రెండు రకాలనీ, రెండేసి ఉన్నవీ మూడేసి ఉన్నవీ ఉంటాయనీ, చూడాల్సింది రెండున్న గుంపుననీ చెప్పింది మాత్రం గుర్తులేదు. మూడున్నదే కాస్త నిండుగా కనిపించింది.

ఆ వారం పాప భలే వాయించింది. మూడో వేలి కిందనుంచి బొటనవేలు దూరాలి కదా, "వంతెన కిందనుంచి రైలు" అన్నాను. అంతే, రైలు ఒక్కసారి కూడా పట్టాలు తప్పలేదు. ఆఫీసులో ఇద్దరికి వీడియో పంపాను.

మూడో రోజు అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి, "మీరు ఏమీ అనుకోకపోతే బాబూ, 'మ', అదే మధ్యమం, కాస్త పైకి పలుకుతోంది" అన్నారు.

"అది వెస్టర్న్ అండీ, వాళ్ల లెక్క వేరు."

మర్నాడు ఇంకో మాట లేకుండా, "ఇది కల్యాణి రాగం బాబూ" అన్నారు.

సముద్రపు గాలికి కీబోర్డు శ్రుతి మారిందేమో అన్నాను. కరెంటుతో పలికే కీబోర్డుకి సముద్రపు గాలి తగిలినా శ్రుతి మారదు. ఆ మాట అంటున్నప్పుడే నాకూ తెలుసు.

శనివారం క్లాసు. అక్కడి పియానోకి స్టిక్కర్లు లేవు. అయినా పాప తడుముకోలేదు. మూడు నల్ల మెట్ల గుంపు వెతుక్కుని, దాని ఎడమ పక్కన బొటనవేలు పెట్టి, కిందనుంచి పైదాకా వాయించేసింది.

"వేళ్లు చక్కగా పడుతున్నాయమ్మా. కానీ ఎఫ్ దగ్గర మొదలెట్టావేంటి?"

"నాన్నే అక్కడ అతికించారు."

బెంచీ మీది తల్లిదండ్రులంతా ఫోన్లలోంచి తలలెత్తారు.

అన్నీ తెల్ల మెట్లే నొక్కుతూ సి బదులు ఎఫ్ నుంచి మొదలుపెడితే, నాలుగో స్వరం ఒక్కటీ అర స్వరం పైకి జరుగుతుంది. శుద్ధ మధ్యమం పోయి 'ప్రతి మధ్యమం' అనేది వస్తుంది. శంకరాభరణానికీ కల్యాణికీ ఉన్న తేడా అదొక్కటే. ఆవిడ వంటింట్లో పోపు చిటపటల మధ్య విని పట్టేసిన తేడా.

ఇంటికెళ్లగానే గోళ్లతో స్టిక్కర్లు గీకుతుంటే వెనకనుంచి, "టీచరుగారు ఏమన్నారు బాబూ?"

"కల్యాణి బాగానే ఉందన్నారండీ. శంకరాభరణంతో మొదలెడదాం అన్నారు."

ఆవిడ నవ్వలేదు. పైపెచ్చు, "పోనీ, ఆ కల్యాణి కూడా ఉంచండి, చెవికి హాయిగా ఉంది" అన్నారు. ఇప్పుడు పాప రోజూ రెండూ వాయిస్తోంది. ఒకటి టీచరుగారి కోసం, ఇంకోటి అత్తయ్యగారిచ్చే జంతిక కోసం.