అమ్మ గొలుసు కుదువ పెట్టి పుస్తకం వేయొద్దు బిడ్డా

పోయిన ఆదివారం పొద్దున్నే ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఊరి హైస్కూల్లో పదేళ్ల కింద నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. ఇప్పుడు ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతోంది. పద్నాలుగు కథలు రాసిందట. పుస్తకం వేస్తామని ఎవరో ముందుకొచ్చారట.

"అరవై వేలు కట్టమంటున్నరు సార్. ఐఎస్‌బీఎన్, కవరు, 500 కాపీలు, ఆవిష్కరణ సభ, అన్నీ అండ్లనేనట. అమ్మ గొలుసు కుదువ పెడ్తనంటున్నది. కట్టాల్నా?"

వద్దన్నాను. ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ సరిగ్గా చెప్పలేకపోయాను, గొంతు పట్టేసింది. 2016లో నేనూ సరిగ్గా ఇలాగే కట్టాను. ఆ రోజు నాకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఆ అమ్మాయికి, ఆమెలాంటి మన పాలమూరు, నల్గొండ పిల్లలందరికీ కలిపి రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా మొదటి కథల పుస్తకానికి 55,000 ఇచ్చాను. జీతంలోంచి జీపీఎఫ్‌లో దాచుకున్నవి తీసిన పైసలు. పుస్తకం మీద ప్రచురణకర్తగా పేరు వాళ్లది. 500 కాపీలు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చాయి. మహబూబ్‌నగర్‌లో సభ పెట్టాం. హాలు, ఫ్లెక్సీ, శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు, అదో 18,000. సభలోనే 150 కాపీలు ఊరికే పంచాం. తర్వాత రెండేళ్లలో అమ్ముడుపోయినవి 90 దాకా ఉంటాయి, అవీ నేను చేత్తో ఇచ్చి పైసలు తీసుకున్నవే. మిగిలినవి సజ్జ మీద పెట్టాం. మూడో వానాకాలానికి కింది పెట్టెకు చెదలు పట్టాయి. ఆ పెట్టెను బయట పారబోసిన రోజు నా భార్య ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేదనిపించింది.

తన పైసలు పెట్టి మీ పుస్తకం వేసేవాణ్నే ప్రచురణకర్త అంటారు. పుస్తకం అమ్ముడుపోతేనే ఆయన పెట్టుబడి తిరిగొస్తుంది కాబట్టి, మంచి కథలే ఎంచుతాడు, దిద్దిస్తాడు, షాపులకు పంపుతాడు, అమ్మిన దాని మీద మీకు రాయల్టీ ఇస్తాడు. మామూలుగా అది పుస్తకం ధరలో 10 శాతం. మీ దగ్గర అరవై వేలు ముందే తీసుకున్నవాడికి మీ పుస్తకం ఎవరైనా చదివితే ఏంది, చదవకపోతే ఏంది? వాడి లాభం ప్రెస్సుకు పోకముందే చేతికొచ్చేసింది. సొంత పైసలతో పుస్తకం వేసుకోవడంలో తప్పేమీ లేదు, తెలుగులో ఎందరో అలాగే మొదలుపెట్టారు. అయితే దాన్ని సొంత ప్రచురణ అనే పేరుతోనే వేసుకోండి. పైసలు మీవై, పేరూ హక్కులూ ఇంకొకరివి కావడం దగ్గరే నాకు మండుతుంది.

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకాన్నీ గుర్తుపట్టేందుకు ఇచ్చే నంబర్. దాని సంగతి చూడండి. నా దగ్గర దాని కోసం విడిగా 3,000 తీసుకున్నారు. అది ఉచితం! మన దేశంలో ఆ 13 అంకెల నంబర్ ఇచ్చేది కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ. రచయిత తన పేరు మీదనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఎవరి పేరు మీద తీసుకుంటే రికార్డులో ప్రచురణకర్త వాళ్లే. పైగా ఆ నంబర్ ఉంటేనే కాపీరైట్ వస్తుందని కూడా కొందరు నమ్మిస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. కథ రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. మీరు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు మీ వారసులది. రిజిస్టర్ చేసుకోవడం మీ ఇష్టం.

ఆ హక్కును పోగొట్టుకునేది సంతకం దగ్గరే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా ఉండాలి, మీ సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. ఇవి రచయితకు రక్షణగా పెట్టిన మాటలు. ఒప్పందంలో "శాశ్వతంగా, అన్ని భాషల్లో, అన్ని రూపాల్లో" అని రాసి ఉండి దాని కింద మీరు సంతకం పెడితే ఆ రక్షణ పోయినట్టే. రేపు మీ కథను ఎవరైనా కన్నడంలోకి అనువదిస్తామన్నా, ఆడియోగా చదువుతామన్నా వాళ్లను అడుక్కోవాలి. నా ఒప్పందం రెండు పేజీలు ఇంగ్లీషులో ఉంది. రెండో పేజీ నేను చదవలేదు. తెలుగులో రాసిన పుస్తకానికి ఇంగ్లీషు ఒప్పందం ఎందుకని కూడా అడగలేదు. మీరు అడగండి, తెలుగులో రాసివ్వమనండి.

ఇవన్నీ ఒక ఎత్తు, నా మనసు నిజంగా విరిగింది వేరే దగ్గర. నా పుస్తకంలో ఒక కథ ఉంది. కొడుకు, కోడలు బొంబాయి బస్సు ఎక్కిపోతే ఊళ్లో మనవరాలితో మిగిలిపోయిన ముసలమ్మ కథ. ఆమె మాట్లాడేది మా ఊరి మాట. "కొడుకు తొవ్వ సూస్తున్న బిడ్డా, పొద్దుమీకి వస్తడేమో" అంటుంది. అచ్చయి వచ్చాక తెరిచి చూస్తే "కొడుకు దారి చూస్తున్నాను అమ్మా, సాయంత్రం వస్తాడేమో" అని ఉంది. కథ మొత్తం అంతే. ప్రూఫ్ చూసినాయన తప్పులనుకుని దిద్దేశాడు. నాకు చివరి ప్రూఫ్ చూపించలేదు, టైమ్ లేదన్నారు. మా ఊరి పెద్దమనిషి ఒకాయన కూతురితో ఆ కథ చదివించుకుని, "ఈ ముసల్ది మనూరామె కాదు సారూ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

మన పిల్లలు రాసే దాంట్లో బలమంతా ఆ ఊరి మాటలోనే ఉంది. దాన్ని కాపాడుకోవాలంటే ముందే ఒక కాగితం మీద మీ ఊరి మాటల పట్టిక రాయండి. తొవ్వ, పొద్దుమీకి, అవ్వ, కూలికి పోవుడు, ఇవి ఇట్లనే ఉండాలి, మార్చొద్దు అని చెప్పి ప్రూఫ్ రీడర్ చేతికివ్వండి. మీ సంతకం లేకుండా ఫైలు ప్రెస్సుకు పోకూడదని ఒప్పందంలో రాయించండి. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసింది అచ్చు కోసం పేజీలు పేర్చే డీటీపీలో అను అనే తెలుగు ఫాంట్లకు మారేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే తెరమీద కాకుండా కాగితం మీద ప్రింటు తీసుకుని, పెద్దగా చదువుతూ దిద్దండి. కనీసం రెండుసార్లు. రచన రూపాన్ని చెడగొడితే అడ్డుకునే హక్కు రచయితకు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్‌లో ఉంది. హక్కులు అమ్మేసుకున్నా అది పోదు. అయితే 500 కాపీలు అచ్చయ్యాక కోర్టుకు పోయే ఓపిక మనలో ఎవరికుంది?

అచ్చు లెక్కలు కూడా కొంచెం తెలుసుకోండి, అవి తెలియకనే మోసపోతాం. కథల పుస్తకాలు ఎక్కువగా డెమ్మీ సైజులో వస్తాయి. ఒక ఫారం అంటే ప్రెస్సులో కలిపి అచ్చేసే 16 పేజీలు. 8 ఫారాలంటే 128 పేజీలు. మీది 131 అయితే మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు మీద పడుతుంది, ముందే కుదించుకోండి. ప్లేట్లు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే కాబట్టి కాపీలు ఎక్కువైతేనే ఒక్కో కాపీ ధర తగ్గుతుంది. ఆ మాట చెప్పే 500, 1,000 వేయిస్తారు. డిజిటల్‌లో ప్లేట్లు లేవు, 50 కాపీలైనా వేసుకోవచ్చు. నా రెండో పుస్తకం 100 కాపీలే వేయించాను, ఒక్కోటి 92 రూపాయలు పడింది. అవి అయిపోయాక ఇంకో 100. సజ్జ ఎక్కినవి ఒక్కటీ లేవు.

అసలు పుస్తకం కంటే ముందు చేయాల్సింది, కథలను ఒక్కొక్కటిగా పత్రికలకు పంపడం. ఆదివారం అనుబంధాలున్నాయి, వెబ్ పత్రికలున్నాయి. అయిదారు కథలు వచ్చాక ప్రచురణ సంస్థలకు రాయండి. రెండు మంచి కథలు, అరపేజీ పరిచయం చాలు. మూడు నెలలు ఆగండి. డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోయి స్టాల్ స్టాల్ తిరిగి ఎవరు ఎట్లాంటి పుస్తకాలు వేస్తున్నారో చూసి రండి. మహబూబ్‌నగర్‌లో రైలెక్కితే కాచిగూడలో దిగొచ్చు, ఒక్క రోజు పని. ముప్పై ఏళ్ల లోపు వాళ్లయితే నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం నోటిఫికేషన్ పడినప్పుడు చూడండి. 2021లో మొదలైన ఆ పథకంలో ఎంపికైన 75 మందికి నెలకు 50,000 చొప్పున ఆరు నెలలు ఇచ్చారు. అంశం వాళ్లు ఇచ్చిందే రాయాలి, మీ కథలకు పనికి రాకపోవచ్చు. కానీ రాసేవాడికి పైసలు ఇచ్చే చోటు కూడా ఉందని మీకు తెలియాలి.

సంకలనాల గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తలా 500 కట్టండి, మీ కవిత వేస్తాం, రెండు కాపీలు, ఒక ప్రశంసాపత్రం ఇస్తాం అంటారు. వచ్చిన కవితనల్లా వేస్తారు, చదివి తీసేసేవాడు ఉండడు. మా ఉమ్మడి పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి పుట్టిన జిల్లా! తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, కవుల వివరాలు సేకరించి, 1934లో 354 మందితో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊళ్లలో ఫోన్లు లేని కాలంలో, నిజాం రాజ్యంలో. ఆ చాకిరీనే సంపాదకత్వం అంటారు. ఆయన పేరు చెప్పుకునే గడ్డ మీద పిల్లల దగ్గర 500 వసూలు చేసి ప్రశంసాపత్రాలు పంచుతుంటే నాకు కడుపు మండుతుంది.

అమ్మకం దగ్గర కూడా కళ్లు తెరిచి ఉండండి. షాపులో పెడితే నా అనుభవంలో ధరలో 40 శాతం దాకా కమిషన్ పోయింది, మిగిలింది అమ్ముడుపోయాకే వచ్చింది. 92 రూపాయలు పడిన పుస్తకానికి 120 ధర పెడితే షాపులో అమ్మిన ప్రతి కాపీకీ మీకు నష్టమే, ఆ లెక్క ముందే చూసుకోండి. పుస్తకాలకు చవగ్గా ఉండిన రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్ సేవను తపాలా శాఖ 2024 డిసెంబర్‌లో ఆపేసింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది తెచ్చింది, మీ పుస్తకం దాని కిందికి వస్తుందో లేదో పోస్టాఫీసులో అడిగి ధర నిర్ణయించుకోండి. పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలని 1954 నుంచి చట్టం ఉంది. నాకు పుస్తకం వేసినవాళ్లు పంపలేదు. ఏడేళ్ల తర్వాత, చెదలు తినగా మిగిలిన వాటిలోంచి మంచివి నాలుగు ఏరి నేనే పోస్టు చేశాను.

సాయంత్రం ఆ అమ్మాయికి మళ్లీ ఫోన్ చేశాను. ముందు వాళ్లమ్మతో మాట్లాడాను. గొలుసు ఇంట్లోనే ఉందట, ఇంకా బ్యాంకుకు పోలేదు. తర్వాత అమ్మాయిని ఒక కథ చదివి వినిపించమన్నాను. అచ్చంపేట బస్టాండులో చివరి బస్సు తప్పిపోయిన ఆడపిల్ల కథ. నలభై నిమిషాలు చదివింది. మధ్యలో ఒక చోట ఊరి మాట వదిలేసి పుస్తకాల భాషలోకి పోయింది, అక్కడ ఆపి చెప్పాను. ఈ వారం తిరగరాసి పత్రికకు పంపుతానంది. ఒప్పందం కాగితం నాకు వాట్సాప్‌లో పెట్టింది, చదువుతున్నాను. మీ చేతికి కూడా అట్లాంటి కాగితం వస్తే, సంతకం పెట్టకముందు నాకు పంపండి. రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగానే ఉంటాను.