కుక్కకు తప్పనిసరి, పసిబిడ్డకు మాత్రం మన ఇష్టమా?

ఈ ఉదయం మా అపార్ట్‌మెంటు సెల్లారులో పిల్లలకు టీకాలు వేస్తున్న ఏఎన్ఎం గారు, జాబితాలో పేరుండీ రాని ఒక బాబు కోసం మూడో అంతస్తు ఎక్కి వెళితే, ఆ ఇంటి పెద్దమనిషి ఆమెను గుమ్మంలోనే నిలబెట్టి, తట్టు-రుబెల్లా రెండో డోసు వేయించేది లేదని, రోగనిరోధక శక్తి సహజంగానే రావాలని పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. కింద అప్పటికే కలిపి ఉంచిన మందును 4 గంటల్లోగా వాడాలని, లేకుంటే పారవేయాలని ఆమె ఎంత చెప్పినా వారు వినలేదు. వారి తల్లిగారు చంకనెత్తుకుని తీసుకెళ్లి వేయించిన బీసీజీ టీకా మచ్చ మాత్రం బనియను పక్కన, ఎడమ భుజం మీద చక్కగా కనిపిస్తూనే ఉంది.

వారి కుక్కకు ఏటా రేబీస్ టీకా తప్పదు, ఎందుకంటే ఆ ధ్రువపత్రం లేనిదే మా అసోసియేషన్ దానిని లిఫ్టు ఎక్కనివ్వదు. తట్టు సోకిన బిడ్డ అదే లిఫ్టు దిగి వెళ్లిన తరువాత కూడా 2 గంటల వరకు ఆ గాలిలో వైరస్ ఉండగలదు. 9 నెలలు నిండని శిశువుకు మన టీకాల కార్యక్రమంలో తట్టు టీకా వేయరు కనుక, చుట్టూ ఉన్న పిల్లలు వేయించుకోవడమే ఆ పసికందుకు రక్ష. "మా బిడ్డ, మా ఇష్టం" అంటున్నవారు కింది అంతస్తులోని పసిపాప ఎవరి ఇష్టానికి బలి కావాలో కూడా సెలవిస్తే బాగుండును.

డిస్నీలాండ్ నుంచి తట్టు వ్యాపించిన దరిమిలా, సొంత నమ్మకాల పేరిట టీకాలు మానుకునే వెసులుబాటును బడిపిల్లలకు రద్దు చేస్తూ కాలిఫోర్నియా 2015లో చట్టం చేసింది. అక్కడే స్థిరపడిన వీరి చెల్లెలుగారు తమ పిల్లల టీకాల రికార్డును కిక్కురుమనకుండా బడిలో సమర్పించారు. సహజ రోగనిరోధక శక్తికి వీసా దొరకలేదు కాబోలు.

అసలు నా కోపం ఈనాటిది కాదు. 2017లో మన బడుల్లో తట్టు-రుబెల్లా టీకాలు వేసినప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో వదంతులను పంచినవారందరూ పట్టభద్రులే, తిట్లు తిన్నది మాత్రం ఎండలో తిరిగిన ఆశా కార్యకర్తలు. మశూచి టీకా కోసం 1880లోనే చట్టం తెచ్చిన దేశంలో, 1985 నుంచి సార్వత్రిక టీకా కార్యక్రమాన్ని ఉచితంగా నడుపుతూ కూడా, ఇంకా గుమ్మం గుమ్మానికీ వెళ్లి బతిమాలడమేమిటి? వైద్యుడు రాసిచ్చిన కారణం ఉన్నవారిని మినహాయించి, మిగిలినవారందరికీ టీకాల కార్డు చూపనిదే బడిలో సీటు ఇవ్వకూడదని చట్టం చేయాలి. ఎల్‌కేజీ సీటుకు తల్లిదండ్రులిద్దరి డిగ్రీలూ ఆరా తీసే కార్పొరేట్ బడులకు ఆ ఒక్క కార్డు అడగడానికి మాత్రం ఎక్కడలేని మొహమాటం.